మీరుంటున్న ఇంటి చరిత్ర తెలుసుకోవడం ఎలా: హద్దులు పట్టుకుని వెనక్కి వెళ్లే పద్ధతి

“మా ఇల్లు ఎప్పుడు కట్టారు, మాకంటే ముందు ఇందులో ఎవరున్నారు?” అని అడిగేవాళ్లలో చాలామంది ఒకే చోట ఆగిపోతున్నారు. ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలిచ్చే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీస్తారు. అది 1983 వరకే వస్తుంది. ఇక దారి లేదనుకుని వదిలేస్తారు. దారి ఉంది. కాకపోతే కంప్యూటరు ముందు కూర్చుంటే దొరకదు, వరస తప్పినా దొరకదు.

ముందుగా ఒక్క సూత్రం గుర్తుపెట్టుకోండి. డోరు నంబరు మారుతుంది, సర్వే నంబరు మారుతుంది, తాలూకా పోయి మండలం వస్తుంది, జిల్లా పేరే మారిపోతుంది. నాలుగు వైపులా ఉన్న హద్దులు మాత్రం ఒకేసారి మారవు. ఒక హద్దు మారినా మిగతా మూడూ నిలబడి ఉంటాయి. కాబట్టి నంబర్లను కాదు, హద్దులను పట్టుకుని వెనక్కి నడవాలి.

## 1. ముందు ప్రశ్నను మూడు ముక్కలు చేయండి

స్థలం చరిత్ర వేరు, కట్టడం చరిత్ర వేరు, అందులో బతికిన మనుషుల చరిత్ర వేరు. స్థలం సంగతి రిజిస్ట్రేషను, రెవెన్యూ కాగితాల్లో ఉంటుంది. కట్టడం సంగతి పన్ను రసీదుల్లో, గోడల్లో, దూలాల్లో ఉంటుంది. మనుషుల సంగతి ఎక్కువగా పెద్దవాళ్ల నోట్లో, పాత ఉత్తరాల్లో దొరుకుతుంది. నోటుపుస్తకాన్ని మొదటిరోజే మూడు భాగాలు చేయండి. లేకపోతే స్థలం కొన్న ఏడాదిని ఇల్లు కట్టిన ఏడాదిగా రాసేసుకుంటారు. అందరూ చేసే మొదటి పొరపాటు ఇదే.

అద్దెకు ఉంటున్నవాళ్లు ముందు ఇంటివాళ్లకు చెప్పండి. సొంతిల్లయినా అన్నదమ్ములకు, అత్తమామలకు ముందే చెప్పడం మంచిది. పాత కాగితాలు బయటికి తీస్తున్నారంటే “వాటాల గొడవేమో” అన్న అనుమానం మొదట వచ్చేది ఇంట్లోవాళ్లకే.

దగ్గర ఉంచుకోవలసినవి:

- గట్టి అట్ట ఉన్న నోటుపుస్తకం, పెన్సిలు (పాత కాగితాల దగ్గర సిరా పెన్ను వద్దు)
- కొలత టేపు, టార్చిలైటు
- ఫోటోలకు ఫోనులో విడిగా ఒక ఫోల్డరు
- ప్రస్తుత డోరు నంబరు, పన్ను అసెస్‌మెంట్ నంబరు, కరెంటు సర్వీసు నంబరు
- ఇంటి చుట్టూ నాలుగు వైపులా ఇప్పుడు ఏముందో మీరే గీసుకున్న చిన్న పటం

ఈ పటం తప్పనిసరి. తర్వాతి పనంతా దీన్ని పక్కన పెట్టుకునే చేయాలి.

## 2. ఇంట్లో ఉన్న కాగితాలన్నీ ఒకచోటికి తెండి

బీరువా, ట్రంకుపెట్టె, దేవుడి గది అలమర, అటక, అన్నీ చూడండి. ఇంటి మీద లోను ఉంటే అసలు దస్తావేజులు బ్యాంకులో ఉంటాయి. మీ దగ్గరున్న జిరాక్సులు చాలు.

దస్తావేజులే కాదు, ఇవీ పనికొస్తాయి:

- ఇంటిపన్ను, నీటిపన్ను రసీదులు (మునిసిపాలిటీ లేదా పంచాయతీ)
- ప్లాను, దాని మంజూరు కాగితం
- పాత కరెంటు బిల్లులు, రేషను కార్డులు
- గృహప్రవేశం, పెళ్లి శుభలేఖలు
- పోస్టుకార్డులు, ఇన్లాండు ఉత్తరాలు, మనియార్డరు రసీదులు
- ఇంటి ముందు, పెరట్లో తీసిన ఫోటోలు

ఉత్తరం మీద తపాలా ముద్రలో తేదీ చెరిగిపోయినా చిరునామా ఉపయోగపడుతుంది. పిన్‌కోడు 1972 ఆగస్టు 15న వచ్చింది. చిరునామాలో పిన్ ఉంటే ఆ ఉత్తరం అంతకు ముందుది కాదు. పిన్ లేనంత మాత్రాన పాతదని మాత్రం అనుకోకండి, ఎన్నో ఏళ్లు జనం అది రాయకుండానే ఉత్తరాలు వేశారు.

ప్రతి కాగితాన్నీ రెండు వైపులా ఫోటో తీయండి. స్టాంపు కాగితం వెనక వైపు కొన్నవారి పేరు, తేదీ, స్టాంపు వెండరు సంతకం ఉంటాయి. ముందువైపు సిరా పాలిపోయినా వెనకది ఆదుకుంటుంది. చిరిగిన మడతలకు సెల్లోటేపు వేయకండి, లామినేషను అసలే చేయించకండి. టేపు జిగురు కాగితాన్ని తినేస్తుంది, లామినేషను చేస్తే మళ్లీ విడదీయలేం. ప్లాస్టిక్ కవరులో మడత విప్పి పెడితే చాలు.

## 3. దస్తావేజును వెనక నుంచి చదవండి

క్రయ దస్తావేజు చేతికి రాగానే జనం చూసేది పేర్లు, సొమ్ము. మనకు కావలసింది వేరే చోట ఉంటుంది.

సంక్రమణ వాక్యం. “ఈ ఆస్తి నాకు ఎలా వచ్చిందనగా” అనే అర్థంలో ఒక వాక్యం ఉంటుంది. పాత దస్తావేజు నంబరు, సంవత్సరం, ఏ సబ్ రిజిస్ట్రారు ఆఫీసు, ఎన్నో వాల్యూము, ఏ పేజీలు అన్నీ అందులోనే చెప్తారు. అది రాసుకోండి. వెనకటి మెట్టు అదే. “స్వార్జితం” అని ఉంటే దాని వెనక ఇంకో కొనుగోలు ఉంది. “పిత్రార్జితం” అని ఉంటే అమ్మకం కోసం వెతకకండి. పంపకం కాగితమో, వీలునామానో ఉండాలి. అసలు కాగితమే లేకుండా వారసత్వంగా వచ్చి ఉండవచ్చు కూడా.

షెడ్యూలు. చివర్లో ఉండే ఆస్తి వివరణ ఇది. “ఖాళీ నివేశన స్థలం” అని ఉందా, “పెంకుటిల్లు, దొడ్డి, నూతిలో సగం హక్కు సహా” అని ఉందా చూడండి. ఒక దస్తావేజులో ఖాళీ స్థలం, తర్వాతి దానిలో ఇల్లు ఉంటే కట్టడం ఆ రెండు తేదీల మధ్య జరిగింది. నూతిలో సగం, ఉమ్మడి గోడ, నడవ హక్కు వంటి మాటలు కనబడితే మీ ఇల్లూ పక్కిల్లూ ఒకప్పుడు ఒకే లోగిలి అయి ఉండే అవకాశం బాగా ఎక్కువ. అన్నదమ్ముల పంపకంలో రెండయి ఉంటాయి. అప్పుడు పక్కింటి కాగితాలు కూడా మీ ఇంటి చరిత్రే.

చెక్కుబందీ. తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం ఏమున్నాయో రాసిన భాగం. ప్రతి దస్తావేజుకూ ఒక వరస చొప్పున పట్టిక గీయండి. ఉదాహరణకు ఇలా వస్తుంది:

- 1994 దస్తావేజు: తూర్పు మునిసిపల్ రోడ్డు, దక్షిణం ఫలానావారి డాబా, పడమర డ్రైనేజి సందు, ఉత్తరం ఫలానావారి ప్రహరీ
- 1961 దస్తావేజు: తూర్పు రాజవీధి, దక్షిణం అదే ఇంటిపేరువారి పెంకుటిల్లు, పడమర పంట బోదె, ఉత్తరం ఖాళీ స్థలం
- 1934 దస్తావేజు: తూర్పు బండ్ల దారి, దక్షిణం అదే ఇంటిపేరువారి దొడ్డి, పడమర బోదె, ఉత్తరం చింతతోపు

మూడింటిలోనూ దక్షిణాన ఒకే ఇంటిపేరు, పడమర నీటి దారి. డోరు నంబరు ఏ రెండింటిలోనూ కలవకపోయినా ఇవి ఒకే స్థలానివని గట్టిగా చెప్పవచ్చు. పైగా బండ్ల దారి రోడ్డయిందనీ, బోదె డ్రైనేజి అయిందనీ, ఉత్తరాన చింతతోపు పోయిందనీ వీధి చరిత్ర కూడా దానంతట అదే బయటపడుతుంది. ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. ఇక్కడ తొందరపడకండి.

సాక్షులు, దస్తావేజు లేఖరి. సాక్షి సంతకాలు సాధారణంగా ఇరుగుపొరుగువాళ్లవో బంధువులవో అయి ఉంటాయి. రేపు ఎవరి కుటుంబాన్ని వెతికి అడగాలో ఈ పేర్లే చెప్తాయి.

పాత దస్తావేజులు గొలుసుకట్టు రాతలో ఉంటాయి. ఒక్కో అక్షరం విడదీసి చదవబోతే తలనొప్పి తప్ప ఏమీ మిగలదు. మొదట మీకు తెలిసిన మాటలు వెతకండి: ఊరి పేరు, “తూర్పు”, “దక్షిణం”. ఆ రాసినాయన ‘ర’ ఎలా వేశారో, ‘క్ష’ ఎలా తిప్పారో అక్కడ పట్టుకుంటే మిగతాది మెల్లగా తెలుస్తుంది. అప్పటికీ కుదరకపోతే సబ్ రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర వయసు మళ్లిన దస్తావేజు లేఖరిని అడగండి. తెలంగాణలో నిజాం కాలపు కాగితాలు ఉర్దూలో ఉంటాయి. వాటికి పాత రెవెన్యూ ఉర్దూ తెలిసినవారే కావాలి, మామూలు ఉర్దూ వస్తే చాలదు.

## 4. ఈసీ తీయండి, 1983 దగ్గర ఆగకండి

రెండు రాష్ట్రాల్లోనూ ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచి వస్తుంది. డోరు నంబరుతో ఒకసారి, సర్వే నంబరుతో ఒకసారి, దస్తావేజు నంబరుతో ఒకసారి వెతకండి. మూడు ఫలితాలూ ఒకేలా ఉండవు. ఈసీలో అమ్మకాలే కాదు, తాకట్లు, సెటిల్‌మెంట్లు (కుటుంబంలోవాళ్లకు ఆస్తి రాసివ్వడం), రిజిస్టరైన పంపకాలు కూడా వస్తాయి. బ్యాంకు తాకట్టు తేదీని నిర్లక్ష్యం చేయకండి. ఇల్లు కట్టడానికో, మేడ వేయడానికో అప్పు చేసిన ఏడాది అదే కావచ్చు.

అంతకు ముందువాటికి సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లి పాత కాలానికి విడిగా ఈసీకి దరఖాస్తు పెట్టాలి. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం 57వ సెక్షను ప్రకారం స్థిరాస్తి దస్తావేజులుండే 1వ బుక్కునూ దాని ఇండెక్సులనూ రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. ఇండెక్సు-1 పేర్ల వరసలో, ఇండెక్సు-2 ఆస్తుల వరసలో ఉంటుంది. వీలునామాలు 3వ బుక్కులో ఉంటాయి, రాసినవారు బతికుండగా వాటి నకళ్లు ఇతరులకు ఇవ్వరు.

వెళ్లేముందు ఒక కాగితం మీద ఇవి రాసుకోండి:

- అమ్మినవారి, కొన్నవారి పేర్లు, ఇంటిపేర్లతో
- సుమారు సంవత్సరం, ముందు వెనకలుగా రెండు మూడేళ్లు కలిపి
- ఊరు, పాత తాలూకా, అప్పటి జిల్లా
- చెక్కుబందీ

పాత తాలూకా ఎందుకంటే మండలాలు వచ్చింది 1985లో. జిల్లాలు ఇంకా ఎక్కువసార్లు మారాయి. పశ్చిమ గోదావరి 1925లో కృష్ణా నుంచి విడిపోయింది, ప్రకాశం 1970లో, విజయనగరం 1979లో ఏర్పడ్డాయి. తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో మళ్లీ విభజన జరిగింది. సబ్ రిజిస్ట్రారు ఆఫీసుల పరిధులూ మారాయి. “మా దగ్గర లేదు” అంటే కాగితం లేదని కాదు. “ఆ ఏడాది ఈ ఊరు ఏ ఆఫీసు కింద ఉండేదండీ?” అని అడగండి. పాత వాల్యూములు జిల్లా రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లి ఉండవచ్చు కూడా. ఉదయం రిజిస్ట్రేషన్ల రద్దీలో అడిగితే ఎవరూ తల ఎత్తరు. మూఢంలోనో శూన్యమాసంలోనో వెళ్తే ఆఫీసు కాస్త ఖాళీగా ఉంటుంది, ఓపిగ్గా చూస్తారు.

## 5. ఊరిని బట్టి తర్వాతి మెట్టు

పల్లెటూరిలో, గ్రామకంఠంలో ఉన్న ఇల్లు. ఊరి నివాస స్థలమంతటికీ కలిపి ఒకటో రెండో సర్వే నంబర్లుంటాయి. ఇంటింటికీ విడిగా పాత రెవెన్యూ రికార్డు ఉండదు. ఇక్కడ పంచాయతీ ఇంటిపన్ను డిమాండు రిజిస్టరే ఆధారం. ఏ ఏడాది నుంచి ఎవరి పేరున పన్ను మొదలైంది, పన్ను ఎప్పుడు ఒక్కసారిగా పెరిగింది చూడండి. పెరిగిందంటే గది కలిపారేమో, పూరిల్లు పెంకుటిల్లు అయిందేమో ఆలోచించాలి. ఊరంతటికీ అదే ఏడాది పెరిగి ఉంటే మాత్రం అది పన్ను సవరణ.

పొలం ప్లాట్లయిన చోట. ఆంధ్రలో ఆర్‌ఎస్‌ఆర్ (సర్వే నంబర్ల వారీ పాత భూముల రిజిస్టరు), అడంగల్ (ఏటా రాసే సాగు లెక్క), ఎఫ్‌ఎంబీ పటం (సర్వే నంబరు కొలతల పటం) అడగండి. తెలంగాణలో సేత్వార్ (మొదటి సర్వే నాటి భూముల రిజిస్టరు), 1954-55 ఖాస్రా పహాణీ (భూమి ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో చెప్పే రికార్డు), తర్వాతి పహాణీలు. జమీందారీ గ్రామాలకు 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత జరిగిన భూమి సెటిల్‌మెంటు (హక్కుల నిర్ధారణ) కాగితాలు ముఖ్యం. తెలంగాణలో జాగీర్ల రద్దు 1949లో జరిగింది.

పట్టణంలో. మునిసిపాలిటీలో పాత అసెస్‌మెంట్ రిజిస్టర్లు, డోరు నంబర్లు మారినప్పుడు తయారైన పాత-కొత్త నంబర్ల పట్టిక, టౌన్ సర్వే రిజిస్టరు అడగండి. గుంటూరు మునిసిపాలిటీ 1866 నుంచి, బెజవాడ 1888 నుంచి ఉన్నవి. అందుకని రికార్డు అంత వెనక్కి దొరుకుతుందని కాదు, అడగడానికి మాత్రం ఆ కాలందాకా వీలుంది.

హైదరాబాదు పాత వీధుల్లో. 1908 సెప్టెంబరు మూసీ వరద తర్వాత, 1912-15 మధ్య లియొనార్డ్ మన్ నేతృత్వంలో తయారైన నగర పటాల్లో ఇళ్లు, సందులు, ప్రహరీలు విడివిడిగా కనిపిస్తాయి. మీ గల్లీ వంపు, దగ్గర్లోని మసీదు లేదా గుడి గుర్తుపట్టి అక్కణ్ణుంచి మీ స్థలానికి రండి.

తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్, మద్రాసు ప్రెసిడెన్సీ ప్రాంతాలకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్ కూడా ఉన్నాయి. వాటికి చివర్లో వెళ్లండి. అక్కడ దొరికేది ఎక్కువగా ఊరి చరిత్ర, ఇంటి చరిత్ర కాదు.

## 6. సంవత్సరాలు, కొలతలు మార్చుకునేటప్పుడు

ఫసలీ. పాత రెవెన్యూ కాగితాల్లో కనిపించే సంవత్సర లెక్క ఇది. ఇంగ్లీషు సంవత్సరం కావాలంటే దానికి 590 కలపండి. ఆంధ్ర ప్రాంతంలో ఫసలీ జులైలో మొదలవుతుంది, కాబట్టి 1340 ఫసలీ అంటే 1930 జులై నుంచి 1931 జూన్. నిజాం రాజ్యంలో అది అక్టోబరులో మొదలయ్యేది.

తెలుగు సంవత్సరాలు. అరవై ఏళ్లకొకసారి తిరిగొస్తాయి. ప్రభవ 1867, 1927, 1987లలో వచ్చింది. గుమ్మం మీద “విజయ నామ సంవత్సరం, మాఘమాసం” అని చెక్కి ఉంటే ఉగాది లెక్కన విజయ మొదలైంది 1953లో, మాఘం వచ్చేసరికి 1954 అవుతుంది. లేదా అరవై ఏళ్లు ముందు, 1894. రెండింటిలో ఏదన్నది దస్తావేజు తేల్చాలి.

డబ్బు. 1957 ఏప్రిల్ 1కి ముందు రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. అంకెలు తెలుగువి కావచ్చు, ౧, ౨, ౩ నేర్చుకోండి.

కొలతలు. ఎకరం 4,840 గజాలు, గుంట 121 గజాలు, సెంటు 48.4 గజాలు. అంకణం లెక్క ఊరూరికీ మారుతుంది, ఆ ఊరి లేఖరినే అడగండి.

## 7. ఇంటిని చదవండి

పగలొకసారి, రాత్రి టార్చి గోడకు ఏటవాలుగా వేసి మరోసారి చూడండి. మూసేసిన కిటికీలు, పూడ్చిన గూళ్లు రాత్రి వెలుగులో బాగా తెలుస్తాయి.

- గోడ మందం ఎక్కడ మారుతోంది? అక్కడ తర్వాత కలిపిన గది ఉండవచ్చు.
- పెచ్చు ఊడినచోట ఏముంది: మట్టా, సున్నమా, సిమెంటా?
- పెంకు అడుగున కంపెనీ పేరు ఉందా? మంగళూరు పెంకుల మొదటి ఫ్యాక్టరీ 1865 నాటిది, కాబట్టి ఆ రకం పెంకు అంతకు ముందుది కాదు. గూనపెంకులు అంతకు చాలా ముందు నుంచే ఉన్నాయి.
- ఇనుప గర్డరు మీద అచ్చు ఏది? టాటా ఉక్కు ఉత్పత్తి మొదలైంది 1912లో.
- చెక్క పట్టీల మీద వైర్లు, నల్లటి గుండ్రటి స్విచ్చులు మిగిలాయా?
- అరుగు రోడ్డుకు ఎంత ఎత్తులో ఉంది? అరుగు ముందు మెట్లు రోడ్డులో కూరుకుపోయి ఉంటే ఎన్ని మెట్లు పోయాయో పెద్దవాళ్లు చెప్తారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. వస్తువు వయసు చెప్పేది “ఇంతకు ముందుది కాదు” అని మాత్రమే. ద్వారబంధాలు, దూలాలు, వాసాలు పడగొట్టిన ఇళ్ల నుంచి కొని తెచ్చి పెట్టడం మన దగ్గర మామూలే. తలుపు నూరేళ్లది కావచ్చు, ఇల్లు నలభై ఏళ్లది కావచ్చు. దూలంలో ఇప్పుడు పనిలేని సందులు, మేకు రంధ్రాలు ఉంటే అది వేరే ఇంట్లో పనిచేసి వచ్చిందని అనుమానించాలి.

గోడలు గీకకండి, గచ్చు తవ్వకండి. మరమ్మతు జరిగినప్పుడు బయటపడేది ఫోటో తీసుకుంటే చాలు.

## 8. పెద్దవాళ్లను అడిగే పద్ధతి

కాగితాల పని కొంత అయ్యాకే వెళ్లండి. నాలుగు పేర్లు మీ నోటి నుంచి వస్తే వాళ్లకు నలభై గుర్తొస్తాయి. ముందుగానే “ఆస్తి గురించి కాదు మామ్మగారూ, ఇంటి సంగతి రాసుకుంటున్నాను” అని చెప్పండి. కాగితాలేవీ మొదటిసారే అడగకండి.

“ఇల్లు ఎప్పుడు కట్టారు?” అంటే “ఎప్పుడో” అంటారు. ఇలా అడగండి:

- వంటగది ఎటు వైపుండేదండీ? పొయ్యి ఎక్కడ?
- నీళ్లు ఎక్కణ్ణుంచి తెచ్చేవాళ్లు? నుయ్యి ఎప్పుడు పూడ్చారు?
- కరెంటు వచ్చేనాటికి మీకు పెళ్లయిందా?
- ఈ గదిలో ఎవరు పుట్టారు?
- వరదొచ్చినప్పుడు నీళ్లు ఎందాకా వచ్చాయి?

తేదీల కోసం అందరికీ గుర్తుండే సంఘటనలు పట్టుకోండి. కృష్ణా తీరంలో 1977 నవంబరు ఉప్పెన, గోదావరి వైపు 1953, 1986 వరదలు, కోనసీమలో 1996 నవంబరు తుపాను, కర్నూలులో 2009 అక్టోబరు వరద, తెలంగాణలో 1948 పోలీసు చర్య. “అప్పటికి ఈ మేడ ఉందా?” అన్న ఒక్క ప్రశ్నతో పదేళ్ల అనుమానం తీరిపోతుంది.

పాత కరణం లేదా పట్వారీ కుటుంబం ఊళ్లో ఉంటే తప్పక కలవండి. 1984లో ఆ పదవులు పోయాయి, రికార్డులు ప్రభుత్వానికి వెళ్లాయి. కానీ ఏ ఇల్లు ఎవరిదో ఆ ఇళ్లలో పెద్దలకు ఇంకా నోటికి వస్తుంది.

## 9. ఎక్కువమంది చిక్కుకునే చోట్లు

ఒకే పేరు, ఇద్దరు మనుషులు. మనవడికి తాత పేరు పెట్టడం మన అలవాటు. తండ్రి పేరు కూడా కలిస్తేనే అదే మనిషి అనుకోండి.

మధ్యలో ముప్పై ఏళ్ల ఖాళీ. అమ్మకాలు లేకపోతే రిజిస్ట్రేషనూ ఉండదు. తెల్లకాగితం మీద పారిఖత్తు (పంపకం చీటీ), తెలంగాణలో సాదా బైనామా (రిజిస్టరు కాని అమ్మకం కాగితం) రాసుకుని ఉండవచ్చు. ఆ ఖాళీని పన్ను రసీదులు, ఓటర్ల జాబితాలతో నింపండి. ఓటర్ల జాబితాలో ఇంటి నంబరూ ఉంటుంది కనుక ఆ ఏడాది ఇంట్లో ఎవరెవరున్నారో తెలుస్తుంది.

డోరు నంబరు కలవడం లేదు. పక్కిళ్ల పాత నంబర్లు అడగండి. వీధి వరస తెలిస్తే మీది తేలుతుంది.

నోటిమాట, కాగితం వేర్వేరుగా ఉన్నాయి. రెండూ రాయండి, ఎవరు చెప్పారో తేదీతో సహా. కాగితంలో సొమ్ము తగ్గించి రాయడం, బినామీ పేరున కొనడం ఉన్నదే. ప్రతిసారీ కాగితమే నిజం కాదు.

అపార్ట్‌మెంటులో ఉంటే. మీ ఫ్లాటు దస్తావేజులో బిల్డరుకూ స్థలం యజమానికీ మధ్య జరిగిన డెవలప్‌మెంట్ అగ్రిమెంటు నంబరు ఉంటుంది. అక్కణ్ణుంచి పైన చెప్పిన దారే. పడగొట్టిన పాత ఇంటి ఫోటో స్థలం యజమాని కుటుంబం దగ్గర దొరకవచ్చు.

## 10. రాసిపెట్టడం

దొరికింది దొరికినట్టు కాలక్రమంలో పేర్చండి. ప్రతి విషయం పక్కన అది దస్తావేజులోదా, రసీదులోదా, గోడలో చూసిందా, ఎవరైనా చెప్పిందా గుర్తు వేయండి. ఊహ అయితే “ఊహ” అనే రాయండి. చివర ఒక పేజీ ఖాళీగా ఉంచి, తేలని ప్రశ్నలు, ఒక్కోదానికి ఎవరిని అడగాలో రాసుకోండి.

దస్తావేజుల ఫోటోలు ఆధార్ నంబర్లు, సంతకాలు, వేలిముద్రలతో సహా ఎక్కడా బయట పెట్టకండి. మోసాలకు అవే చాలు.

ఒక ప్రతి ఇంట్లో ఉంచండి. ఇంకో ప్రతి మీకంటే ముందు ఆ ఇంట్లో ఉన్న కుటుంబానికి ఇచ్చి, పేర్లు, చుట్టరికాలు సరిచూడమని అడగండి. తప్పులు దిద్దగలిగేది వాళ్లే.